మాస్టర్జీ మాటకు నా తెలుగు

జనవరి 6

మాస్టర్జీ పోయారు. తొంభై రెండేళ్లు.

పొద్దున ఏడింటికి టీవీలో చెప్పారు. పదహారు నెలలు ఈ దేశానికి ప్రధానిగా ఉన్న మనిషి, బడిపంతులుగా ఉన్నప్పటి రెండు గదుల ఇంట్లోనే కన్నుమూశారట. మంచం చూపించారు, జపమాల చూపించారు, చెక్క బీరువాలో నాలుగు జతల బట్టలు చూపించారు. ముబీనా తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

"యేడుస్తాండారా?" అంది.

"జలుబు" అన్నాను.

"నిన్న లేని జలుబు టీవీలోంచి వచ్చిందా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆమెతో వాదించి ఏ రోజూ గెలవలేదు. ఇరవై ఆరేళ్ల కిందట ఎన్నికల ప్రచారానికి ఆయన మన వైపు వచ్చినప్పుడు మూడు రోజులు ఆయన హిందీకి నేను తెలుగయ్యాను. నా జీవితంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. తక్కినదంతా బడిలో హిందీ పండితుడిగా వాచకాలు, కాపీ దిద్దుబాట్లు.

జనవరి 7

విలేకరి వచ్చాడు. మాస్టర్జీ గురించి ఏదైనా చెప్పండి సార్ అన్నాడు. నమాజు సంగతి చెప్పాను.

కడపలో సభ ముగించుకుని కర్నూలు దారి పట్టాం. చాగలమర్రి దాటాక నేను గడియారం చూసుకుంటున్నాను. ముందు సీట్లో ఉన్న ఆయన అద్దంలో గమనించి "అసర్ నమాజుకు వేళ అయిందా పండిత్‌జీ?" అని అడిగారు. ఆళ్లగడ్డలో జనం ఎండలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆ మాటే అన్నాను. "సభకు ఆలస్యమైతే జనం నన్ను తిడతారు, తిట్టనీండి. మీరు మాత్రం ఆ పైవాడి దగ్గరికి ఆలస్యంగా పోకూడదు" అని కారు ఆపించారు. రోడ్డు పక్కన వేపచెట్టు కింద నేను నమాజు చేస్తుంటే వెనక ఇరవై కార్లు. ఎవడో హారన్ కొట్టాడు. ఆయనే దిగి పోయి చెయ్యి అడ్డం పెట్టి ఆపించారు. పొద్దున్నే ఒంటిమిట్టలో కోదండరాముడి ముందు మామూలు జనంతో పాటు వరసలో నిలబడిన మనిషి, సాయంత్రం నా నమాజుకు కాపలా ఉన్నారు. నమాజు ముగించి చూస్తే ఎండలో విడిచిన నా చెప్పులు నీడలో ఉన్నాయి.

ఆయన జరిపారో డ్రైవర్ జరిపాడో నాకు తెలియదు. విలేకరికి మాత్రం ఆయనే జరిపారని చెప్పాను.

జనవరి 8

పేపర్లో నా ఫోటోతో సహా వేశారు. పక్కింటి సుందరం వచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. మసీదులో ఇద్దరు ఆపి మాట్లాడారు.

"చెప్పుల సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?" అంది ముబీనా, పేపరు మడుస్తూ.

మూడో రోజు జరిగిన కోసిగి సభ గురించి విలేకరి అడగలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరి 12

ఆయన కూతురు విమల గారు ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి, గొంతు అచ్చం తండ్రిదే. అస్థికలు తుంగభద్రలో కలపడానికి కర్నూలు వస్తున్నారట.

"నాన్నగారు రోజూ రాసుకునేవారు. ఆ పుస్తకాలు అచ్చు వేయిస్తున్నాం. అందులో ఒక ఊరి గురించి రాసిన పేజీ ఉంది. చివరి ఏడాది చూపు పోయాక నాతో మళ్లీ మళ్లీ చదివించుకునేవారు. కోసిగి. మీ జిల్లాలోదే కదా?"

అవునన్నాను.

"కాలువ తెస్తానని మాటిచ్చి తేలేకపోయానని ఆ ఊళ్లో క్షమాపణ అడిగారట. కోపం రావాల్సింది పోయి వాళ్లు చప్పట్లు కొట్టారట. అటువంటి జనాన్ని నేను చూడాలి. ఇరవై ఐదున కోసిగిలోనే ఆ పేజీ చదువుతాను. ఆ రోజు తర్జుమా చేసింది మీరేనని రాశారు. ఈసారి కూడా మీరే చేయాలి రబ్బానీ సాహెబ్."

అలాగేనన్నాను. నోటికి అలవాటైన మాట.

ఆయన క్షమాపణ కోసిగిలో ఎవరూ వినలేదు. నేను తెలుగులో చెప్పలేదు గనుక. కాలువ రాదని ఆయన అంటే, వస్తుందని నేను అన్నాను. చప్పట్లు దానికి పడ్డాయి.

ఈ ముక్క ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాశాను. చాలు ఈ పూటకు.

జనవరి 13

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన ప్రధానిగా ఉన్నప్పుడు కోసిగి వైపు కాలువ తెస్తానని మాటిచ్చారు. ప్రభుత్వం పడిపోయింది. నాలుగేళ్ల తర్వాత మహానంది రెడ్డికి ఓటు అడగడానికి వచ్చి, ఓటు మాట పక్కనపెట్టి, ఆ మాట ఎత్తారు. తేలేకపోయాను, ఇంకో పదేళ్లకు కూడా వచ్చేలా లేదు, నన్ను నమ్మి మీ పనులు మానుకోకండి, క్షమించండి అన్నారు. వేదిక మీద గోల, మైకు కీచుమంటోంది. రెడ్డి వెనకనుంచి నా జుబ్బా పట్టి లాగాడు. "అది చెప్పొద్దు పండితా, వస్తాదని చెప్పు" అన్నాడు. ఆయన అభ్యర్థి, నేను కోసిగి హైస్కూల్లో హిందీ అయ్యవారిని. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏం చేయగలను? కాస్త మెత్తబరిచాను. తర్జుమా చేసేవాళ్లందరూ చేసే పనే.

మాస్టర్జీ వెంట వచ్చినవాళ్లకు తెలుగు రాదు. మావాళ్లకు హిందీ రాదు. విలేకరులు నా తెలుగునే రాసుకుపోయారు. మధ్యలో నేనొక్కడినే.

జనవరి 14

మెత్తబరిచాను అని రాశాను నిన్న. 'రాదు'ను 'వస్తుంది' చేయడం మెత్తబరచడమా? ముప్పై రెండేళ్లు పిల్లలకు తర్జుమా నేర్పాను. అలా రాసినవాడికి సున్నా వేసేవాణ్ణి.

జనవరి 17

కోసిగి పోయి వచ్చాను. బదిలీ అయి వచ్చేశాక ఈ ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి. ఎమ్మిగనూరులో బస్సు మారినా మూడు గంటల ప్రయాణం. మూడు గంటల దూరానికి ఇన్నేళ్లు పట్టింది.

ఊరంతా తాళాలు. సుగ్గికి పోయారు. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడ పడుచువాళ్లు ఎవరూ మిగలరు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలెక్కి పోతారు. మిగిలింది ముసలివాళ్లు, బడి పిల్లలు. ఆ రోజు సభలో కూర్చున్నవాళ్లే ఇప్పుడు ఊళ్లో ఉన్నారన్నమాట. అది తట్టగానే బస్టాండులోనే కాసేపు కూర్చుండిపోయాను.

తిమ్మయ్య ఇంటి ముందు కట్టె చీలుస్తున్నాడు. ఆ రోజుల్లో సుగ్గికి మనుషుల్ని కూడగట్టి లారీ మాట్లాడే మేస్త్రీ అతనే. కొడుకు నా దగ్గరే చదివాడు.

"ఎవరప్పా అది?"

"నేను తిమ్మయ్యన్నా. రబ్బానీని."

"ఓ, మన హిందీ సారా! రా సారూ, కూచో. శానా చిక్కిపోయినావే. ఓబులమ్మా, ఎవరొచ్చినారో చూడు!"

అతని భార్య ఓబులమ్మ లోపల మంచం మీద ఉంది. లేవలేదు. లేవలేని మనిషని తర్వాత తెలిసింది. తిమ్మయ్యే జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. సభ సంగతి చెప్పి రమ్మన్నాను.

"ఆ ముసలాయప్ప సభకా? నువ్వు పిలిస్తే యాడికైనా వస్తా సారూ. దానికి మాత్రం రాను."

"ఆయన మంచివాడు తిమ్మయ్యన్నా."

"మంచోడే. శానా మంచోడు. మామూలు దొంగయింటే మేం నమ్మేవాళ్లమే కాదు. ఒంటిమిట్ట రాముని పేరు చెప్పి అబద్ధమాడె. గడ్డి తినే మనిషయితే పోనీలే అనుకుంటాం, దేవుణ్ణి సాక్షి పెట్టినోణ్ణి ఏమనాల?"

నేను రొట్టె తుంచుకుంటున్నాను.

"ఆ పొద్దు మా యింటి ముందర లారీ నిలబడిండె సారూ. నలభై ఇండ్లోళ్లు మూటలు కట్టుకున్న్యారు. నేనే వెనక్కి పంపిస్తి. కాలువ పని మొదలైతాది, ప్రతి యింటికీ పని అన్న్యారు గదా, మన సారే చెప్పినాడు గదా అంటి. సంక్రాంతి పాయ, శివరాత్రి పాయ. గుంటూరుకు పోతే అప్పటికే వేరేవోళ్లు దిగబడిండ్రి. ఎద్దుల్ని అమ్ముకొని బెంగుళూరుకు పోతిమి, ఇండ్ల పనికి. రెండో అంతస్తు నుంచి పడె మా ఓబులమ్మ. ఆ పొద్దు నుంచి అదే మంచం. నా వెనక సుగ్గికి మళ్లీ ఒక్కడు రాలే. పిల్లోళ్లు గూడా నన్ను కాలువ తిమ్మయ్య అంటారు."

లోపల్నుంచి ఓబులమ్మ అంది: "గాజుల లాల్ బీ చెప్తే యిన్యావా?"

తిమ్మయ్య తల గోక్కున్నాడు. "ఆయమ్మకు ఉర్దూ వస్తాది గదా. ఆయప్ప నీళ్లు రావంటాండాడు, లారీని పంపియ్యొద్దు తిమ్మన్నా అనె. నోర్ముయ్ అంటి. మా అయ్యవారు పండితుడు, గాజులమ్ముకునేదానివి నీకెక్కువ తెల్సునా అంటి."

"లాల్ బీ యాడుంది?"

"పోయి ఆరేండ్లాయ."

ఇంకో రొట్టె వేశాడు. రెండూ తిన్నాను. చెప్పలేదు. ఎమ్మిగనూరు బస్సు దాకా వచ్చి సీటు పట్టి కూర్చోబెట్టి మరీ పోయాడు.

జనవరి 18

సభ జరిగిన నెలకే నాకు కర్నూలు బదిలీ వచ్చింది. రెడ్డి చేయించాడు. అది రాయకుండా దాటేస్తే ఈ డైరీ ఎందుకు, తగలబెట్టడం మేలు.

జనవరి 20

మహానంది రెడ్డి ఇంటికి పోయాను. ఆయనకూ ఎనభై దగ్గర పడ్డాయి, మోకాళ్లకు నూనె రాయించుకుంటున్నాడు. ఆయన నోటితో అనిపించాలని పోయాను. అవునప్పా, నేనే లాగినా, నేనే చెప్పమన్న్యా అంటే సగం బరువు అక్కడ దించి రావచ్చని. జుబ్బా సంగతి ఎత్తాను.

"నేనా?" అని నోరు తెరిచాడు. "నాకు హిందీ యాడ వస్తాదప్పా? ఆయప్ప ఏం మాట్లాడినాడో నాకేం తెల్సు? నువ్వు చెప్పిందే నేనూ యిన్న్యా. కాలువ వస్తాదని నువ్వంటే జనాలతో పాటు నేనూ చప్పట్లు కొట్న్యా. నీ మాట ఆ పొద్దు బలే పారింది. ఆ సంతోషంతోనే గదా నీకు బదిలీ చేయించింది!"

తర్వాత అనుమానంగా చూశాడు. "ఏం, ఆయప్ప వేరే మాదిరి చెప్పినాడా?"

"లేదు" అన్నాను.

జనవరి 21

రెడ్డి అన్నది నిజం. ఆయనకు హిందీ ముక్క రాదు. ఏ మాట ఆపమని లాగుతాడు?

ఎవరూ లాగలేదు. ఇన్నేళ్లూ ఆ చెయ్యి నా వీపు మీద ఉన్నట్టే నమ్మాను. పది రోజుల కిందట అడిగినా ఖురాను మీద ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఆ జుబ్బా రంగు కూడా చెప్పేవాణ్ణి.

తర్జుమా చేసేవాడికి ఒక సుఖం ఉంది, దాన్ని ఎవరూ బయటికి చెప్పరు. పెద్దమనిషి మాట్లాడుతున్నంతసేపూ జనం కదలకుండా ఉంటారు, అర్థం కాదు గనుక. తర్వాత మనం నోరు తెరుస్తాం. చప్పట్లు అప్పుడు పడతాయి. ఆయన మాటకే పడినా, మన గొంతు ఆగిన చోట పడతాయి. కడపలో, ఆళ్లగడ్డలో, నంద్యాలలో రెండు రోజులు నేను ఆ రుచి మరిగాను. కోసిగి చేరేసరికి ఏ మాట ఎక్కడ ఆపితే ఎంత మోగుతుందో నాకు తెలిసిపోయింది.

అటువంటప్పుడు మాస్టర్జీ 'రాదు' అన్నారు. ముందు వరసలో నా బడి పిల్లల అమ్మానాన్నలు. తిమ్మయ్య మెడ ముందుకు చాచి నా నోటి వైపే చూస్తున్నాడు. వాళ్ల ముందు 'రాదు' అనడానికి నాకు నోరు రాలేదు. జాలి అని రాద్దామనుకుంటున్నాను. కాదు. రాదంటే చప్పట్లు పడవు.

ఆయన ఇంకో వాక్యం అన్నారు. "మొన్న ఒంటిమిట్ట రాముడి ముందు నిలబడి వచ్చాను, ఈ రోజు మీకు అబద్ధం చెప్పలేను." ఎంత మంచి వాక్యం! దాన్ని వదులుకోలేకపోయాను. ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టాను, దాని తర్వాత "కాలువ వస్తుంది, నెల తిరిగేలోగా పని మొదలవుతుంది, ప్రతి ఇంటికీ పని దొరుకుతుంది" అన్నాను. నిజానికి సాక్షిగా ఆయన పిలిచిన దేవుణ్ణి నేను అబద్ధానికి సాక్షిని చేశాను. నా నమాజు కోసం ఇరవై కార్లు ఆపించిన మనిషి నోట్లో దొంగ ప్రమాణం పెట్టాను. రెండు రోజులు కూడా కాలేదు అప్పటికి.

మైదానం మోగిపోయింది. ఆయన నా వైపు వంగి, కళ్లు తడిచేసుకుని, "వీళ్లది ఎంత పెద్ద మనసు పండిత్‌జీ" అన్నారు.

"హాఁ జీ" అన్నాను.

జనవరి 24

తుంగభద్ర ఒడ్డున అస్థికలు కలిపారు. పదిమందిమి ఉన్నాం, అంతే. ఆయన కోరిక అట, పోలీసులు, బ్యాండు వద్దని. విమల గారు పేజీ నకలు నా చేతికిచ్చారు, ముందే చదువుకుంటారని. హిందీలో ఉన్నదాన్ని ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా.

"కోసిగి. నా ఓటమిని మొదటిసారి జనం ముందు ఒప్పుకున్నాను. కాలువ రాదని చెప్పి క్షమించమన్నాను. రాళ్లు పడతాయనుకున్నాను, చప్పట్లు పడ్డాయి. ఎండిన నేల మీద ఇంత చల్లని మనుషులను ఎలా పుట్టించావు రామా? ఆ మాట చెప్పేటప్పుడు రబ్బానీ గారి గొంతు వణికింది. నీ పేరు మీద నిజం మోసేవాడి గొంతు అలాగే వణుకుతుంది. ఇక మీదట జనానికి నిజం చెప్పడానికి నేను భయపడను."

గొంతు వణికిన మాట వాస్తవం. ఎందుకు వణికిందో ఆయనకు తెలియదు.

రేపు ఈ పేజీని మార్చి చెప్పడం నాకు ఒక లెక్క కాదు. 'కాలువ రాదని చెప్పి' అన్న ముక్క తీసేసి, 'కోసిగి జనం ఎంతో మంచివాళ్లు' అంటే సరిపోతుంది. విమల గారికి తెలుగు రాదు. లాల్ బీ కూడా లేదు.

ఆ వాక్యం రాసి, చదువుకుని, లేచి వంటింట్లోకి పోయి ముబీనాకు అంతా చెప్పేశాను. ఆమె పొయ్యి ఆపింది.

"పెండ్లాన్ని నేను. యిరవై ఆరేండ్లు యిది కడుపులో పెట్టుకొని నా చేతి అన్నం తిన్యారా?"

ఆరిన పొయ్యి వైపే చూశాను.

"పొద్దున్నే ఫజర్‌కు లేస్తారు గదా. లేచి చేతులెత్తి ఏమడుగుతాండారు అల్లాని?"

ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. మూత పెడుతూ, "రేపు నేనూ వస్తాండా. ముందర వరసలో కూచుంటా. నాకూ ఉర్దూ వస్తాదని మర్చిపోవద్దు" అంది.

జనవరి 26

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

సభకు ముందు తిమ్మయ్య ఇంటికి పోయాను. "నువ్వు ఆయన కోసం రావద్దు. నాకు నీతో ఒక మాట ఉంది. నలుగురి ముందు చెప్పాల్సిన మాట" అన్నాను. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

బడి మైదానంలోనే సభ. షామియానా కింద అరవై డెబ్బై మంది, అంతా తలలు నెరిసినవాళ్లే. బల్ల మీద మాస్టర్జీ ఫోటో, చామంతి దండ. ముబీనా ముందు వరసలో కొంగు బిగించి కూర్చుంది. విమల గారు మొదలుపెట్టేసరికి తిమ్మయ్య వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఆమె ఒక వాక్యం చదివి ఆగుతున్నారు. నేను చెబుతున్నాను. 'కాలువ రాదని చెప్పి క్షమించమన్నాను' దగ్గరికి వచ్చాం. నేను చెప్పాను. ఒక్క మాటా తీసేయకుండా చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గేటు దగ్గర్నుంచి తిమ్మయ్య గొంతు: "ఎప్పుడు చెప్పినాడు సారూ? మేమందరం ఈడనే ఉంటిమి గదా. యిన్లేదే!"

"చెప్పినాడు తిమ్మయ్యన్నా. ఆయన చెప్పినాడు. నేను మీకు చెప్పలే."

ఇక ఆగలేదు. ఆయన ఏమన్నారో, నేను ఏమన్నానో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పాను. రాముడి మాట ఆయన దేని కోసం అన్నారో, నేను దేనికి వాడుకున్నానో చెప్పాను. లాల్ బీ విన్నదే సరైనదని చెప్పాను. రెడ్డి పేరు ఎత్తలేదు, బదిలీ సంగతి మాత్రం చెప్పాను. తిడతారని, కనీసం ఒక చెప్పయినా విసురుతారని అనుకున్నాను. ఒక ముసలాయన మాత్రం పక్కవాడితో "ఆ ఏడు మా అమ్మ పాయ" అన్నాడు, ఎవరినీ ఏమీ అనకుండా.

తిమ్మయ్య నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. నా వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని ఫోటో ముందు నిలబడ్డాడు. "సామీ, యిరవై ఆరేండ్లు నిన్ను తిట్న్యా. పొద్దున లేస్తే తిట్న్యా. మా ఓబులమ్మ మూలిగినప్పుడల్లా తిట్న్యా" అంటూ రెండు చేతులూ మోడ్చాడు. భుజాలు అదిరిపోతున్నాయి. అటు తర్వాత నా వైపు తిరిగాడు.

"నిన్ను తిడదామంటే, తిట్లన్నీ ఆయప్పకే అయిపోయె సారూ."

విమల గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఏమైంది? ఆయన ఎందుకు ఏడుస్తున్నారు? ఏమంటున్నారు?"

అది చెప్పాల్సింది కూడా నేనే. ఆ మైదానంలో తెలుగు నుంచి హిందీకి దారి నేనొక్కడినే, అప్పటిలాగే. ఆమె మొహం చూశాను. తండ్రి రాసిన ప్రతి మాటా కళ్లెదుట నిజమవుతున్నట్టు చూస్తున్నారు.

"మీ నాన్నగారిని ఇన్నేళ్లయినా మరిచిపోలేదు అంటున్నారు" అన్నాను.

ఆమె వేదిక దిగి తిమ్మయ్య చేతులు పట్టుకుని ఏడ్చారు. అతను తల ఊపుతూ ఉన్నాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. సాయంత్రానికి ఆమె రాయచూరు మీదుగా హైదరాబాదు వెళ్లిపోయారు, వెళ్తూ కోసిగి మన్ను గుప్పెడు కొంగున కట్టుకున్నారు.

బస్సులో ముబీనా కిటికీ వైపు కూర్చుంది. ఎమ్మిగనూరులో బస్సు మారాక అంది:

"తెలుగులో నిజం చెప్పినారు. శానా మంచి పని. హిందీలో మళ్లా ఆ పొద్దు చేసిందే చేసినారు."

జనవరి 27

విమల గారి నంబరు ఉంది. చేయలేదు.

జనవరి 28

ఆమె సంతోషంగా వెళ్లారు. తండ్రి చివరి ఏడాదంతా పట్టుకుని బతికిన ఒక్క సంతోషం. తిమ్మయ్యకు నిజం తెలియాలి, తెలిసింది. మాస్టర్జీ మీద నింద పోయింది. ఇక ఈమెకు చెప్పి సాధించేది ఏముంది? ఒక ఆడకూతురి మనసు కష్టపెట్టడం తప్ప?

ఇది రాసి రెండుసార్లు చదివాను. బాగా రాశాను. ఎవరో వెనకనుంచి జుబ్బా పట్టి లాగుతున్నట్టే ఉంది.

జనవరి 30

చేశాను.

పొద్దున పదింటికి. విమల గారు హుషారుగా ఎత్తారు. తిమ్మయ్య ఎలా ఉన్నారని, మంచంలో ఉన్నారని ఆ రోజు నేను చెప్పిన ఆయన భార్యకు వైద్యం ఎక్కడ చేయిస్తే బాగుంటుందని అడిగారు. ఆ మాటకు మరింత చచ్చిపోయాను. ముబీనా ఎదురుగా బియ్యం ఏరుతూ కూర్చుంది, తల ఎత్తలేదు, లేచి పోనూ లేదు.

అంతా చెప్పాను. హిందీలో ఇంత సూటిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన భాష, ఆ రోజే కొత్తగా నేర్చుకుంటున్నట్టు ఒక్కో మాటా వెతుక్కున్నాను.

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. పెట్టేశారేమో అనుకున్నాను.

"అయితే నాన్నగారు విన్న చప్పట్లు?"

"కాలువ వస్తుందని నేను చెప్పిన మాటకు పడ్డవి."

"ఆయన్ను ఎవరూ క్షమించలేదా ఆ రోజు?"

"ఆయన అడిగినట్టే వాళ్లకు తెలియదు."

నేనే అన్నాను, నాలుగు రోజులుగా మనసులో కూర్చుకున్న మాట: "పుస్తకం ఇంకా అచ్చు కాలేదన్నారు కదా. ఆ పేజీ అలాగే ఉంచండి. కింద నేను చేసింది రాయించండి. నా పేరుతో, ఊరితో. చదివినవాళ్లందరికీ తెలియాలి."

ఆమె గొంతులో కోపం ఉంటుందని ఎదురుచూశాను. కోపమే ఉంటే బాగుండేది.

"రబ్బానీ సాహెబ్, నాన్నగారు యాభై ఏళ్లు రాశారు. ఆయన్ను జైలుకు పంపినవాళ్లు ఉన్నారు, ప్రభుత్వాన్ని పడగొట్టినవాళ్లు ఉన్నారు. ఒక్కరి తప్పు కూడా పేరు పెట్టి రాయలేదు. ఆయన పుస్తకంలో ఆ పని మీతో నేనెలా మొదలుపెట్టను?"

"మరి ఏం చేస్తారు?"

"అబద్ధం అచ్చు వేయలేను. ఆ పేజీ తీసేస్తాను."

ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. ఖుదా హాఫిజ్ అని మా పద్ధతిలోనే చెప్పి పెట్టేశారు.

యాభై ఏళ్ల రాతలో ఆయన మళ్లీ మళ్లీ చదివించుకున్న పేజీ అదొక్కటే.